ఏనుగుకి ఎంత కరెంటు కావాలి?

"ఎంత చూపిస్తోందే?" వంటగదిలోంచి అమ్మ కేకేసింది.

తూనీగ బల్ల కింద దూరి ఉంది. గోడ ప్లగ్గుకీ కంప్యూటర్ వైరుకీ మధ్య ఒక చిన్న మీటర్ పెట్టి ఉంది. కంప్యూటర్ ఎంత కరెంటు లాగుతోందో ఆ మీటర్ వాట్ల లెక్కలో చూపిస్తుంది.

"తొంభై!" అని అరిచింది తూనీగ.

"అంతేనా? ఆట ఆడుతుంటేనే?"

"ఆ... ఆడుతుంటేనే!"

పచ్చి అబద్ధం. ఆట ఆడటం కాదు కదా, అసలు తెరవనే లేదు. పైగా తెర వెలుతురు కూడా తగ్గించి మరీ చూసింది! అమ్మ చేతులు పిండిలో ఉన్నాయి కాబట్టి వచ్చి చూడలేదు. అంకె మాత్రం గుర్తు పెట్టుకుంది.

తూనీగ అంటే ఆ పిల్ల అసలు పేరు కాదు లెండి. ఒక్కచోట కుదురుగా కూర్చోదని ఇంట్లో అలా పిలుస్తారు. వయసు పదేళ్లు. వాళ్లింట్లో కంప్యూటర్‌కి కూడా ఒక ముద్దుపేరుంది. దాన్ని ఏనుగు అంటారు. పెద్ద పెద్ద ఆటలు ఆడేవాళ్ల కోసం తయారైన కంప్యూటర్ అది. అమ్మ ఇళ్ల బొమ్మలు గీస్తుంది. ఇంకా కట్టని ఇంటిని ఫొటో తీసినట్టు చూపించాలంటే మామూలు కంప్యూటర్ చాలదు. అందుకే ఏనుగుని కొన్నారు. పగలు అమ్మకి పని, సాయంత్రం తూనీగకి ఆట.

కరెంటు మాత్రం చెప్పాపెట్టకుండా పోతుంటుంది. పోయినప్పుడల్లా అమ్మ గీసిందంతా గాల్లో కలిసిపోతుంది. అందుకని యూపీఎస్ కొందామనుకున్నారు. అదొక బ్యాటరీ పెట్టె. కరెంటు పోయినా కంప్యూటర్‌ని కాసేపు నడుపుతుంది. ఆ కాసేపట్లో చేసిన పని దాచుకుని, కంప్యూటర్‌ని పద్ధతిగా ఆపేసుకోవచ్చు.

వీధి చివర దుకాణం నడిపే బ్యాటరీల ఆంటీ ముందే చెప్పింది. "కంటికి నచ్చిందని కొనేది కాదమ్మా ఇది. మీ కంప్యూటర్ బాగా కష్టపడుతున్నప్పుడు ఎంత లాగుతుందో చూసుకుని రండి. దానికి సరిపోయే పెట్టె ఇస్తాను." మీటర్ కూడా తనే ఇచ్చి పంపింది. ఏనుగు బాగా కష్టపడేది ఆటలప్పుడేనని అమ్మ ఆ పని తూనీగకి అప్పగించింది.

మరి తూనీగ ఎందుకు అబద్ధమాడింది? అక్కడే ఉంది కిటుకు.

తూనీగ ఆడే ఆటలో ఒక పెద్ద అడవి ఉంది. బొమ్మల హంగులన్నీ పూర్తిగా పెట్టుకుంటే అందులో ప్రతి ఆకూ ఊగుతుంది, వాగులో నీళ్లు తళతళలాడతాయి. కానీ అప్పుడు ఏనుగు వేడెక్కి బుసలు కొడుతుంది. "హంగులు తగ్గించుకుని ఆడుకో. ఆకులు ఊగకపోతే కొంపేం మునగదు" అని అమ్మ చెప్పింది. తూనీగ బుద్ధిగా తలూపింది. మర్నాడే తలుపు మూసుకుని అన్నీ పూర్తిగా పెట్టేసుకుంది. ఇప్పుడు మీటర్‌లో అసలు అంకె కనపడితే అమ్మకి అంతా తెలిసిపోతుంది. ఆట బంద్!

దుకాణంలో ఆంటీ కనుబొమలు ముడేసింది. "తొంభయ్యేనా? అంత పెద్ద కంప్యూటర్‌కి?"

"నేను ఆడేది చిన్న ఆటే ఆంటీ" అంది తూనీగ.

"సరే, చూసిన వాళ్లు మీరు" అని ఆంటీ చిన్న పెట్టె ఒకటి ఇచ్చింది. అమ్మయ్య, గండం గడిచిందనుకుంది తూనీగ.

తర్వాత వచ్చిన సెలవు రోజున అమ్మ పొద్దున్నే పనిలో కూర్చుంది. సాయంత్రం ఆ ఇల్లు కట్టించుకునేవాళ్లు బొమ్మ చూడ్డానికి వస్తున్నారు. అంతా గీసి, రంగుల ఫొటోలా తయారుచెయ్యమని కంప్యూటర్‌కి పని అప్పగించింది. ఏనుగు బుసలు కొట్టడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

పెట్టె "కీ..." మని ఒక్క కూత కూసింది. ఆ వెంటనే తెర నల్లగా అయిపోయింది.

అమ్మ కుర్చీలో అలాగే కూర్చుండిపోయింది. పొద్దుటినుంచీ పడ్డ కష్టమంతా పోయింది.

"ఇదేం పెట్టె! దాచుకునే టైమ్ కూడా ఇవ్వలేదు!" అమ్మ పెట్టె వైరు పీకేసింది. "పాడైపోయిన సరుకు అంటగట్టింది ఆవిడ. పద, దుకాణానికి. ఈ వీధిలో ఇంకెవరూ అక్కడ కొనకుండా అందరికీ చెప్తాను."

 దొంగకి తేలు కుట్టినట్టు, తూనీగ కిక్కురుమనకుండా అమ్మ వెనకాల నడిచింది.

దుకాణంలో ఒక అంకుల్ ఏదో పెట్టె బేరం చేస్తున్నాడు. అమ్మ తమ యూపీఎస్‌ని బల్ల మీద దభీమని పెట్టింది. జరిగింది చెప్పింది. ఆంటీ దానికి ఒక చిన్న ఫ్యాను తగిలించి చూసింది. ఫ్యాను చక్కగా తిరిగింది.

"పెట్టె బాగానే ఉన్నట్టుందండీ" అంది ఆంటీ మెల్లగా.

"బాగుంటే మా ఇంట్లో ఎందుకాగిపోయింది? మీ మాట నమ్మి కొన్నాను."

ఆ మాట విని అంకుల్ చేతిలో పెట్టె కింద పెట్టేశాడు. "మళ్లీ వస్తా లెండి" అంటూ బయటికి నడిచాడు.

ఆంటీ ముఖం చిన్నబోయింది. ఫ్యాను తీసి పక్కన పెట్టింది. తర్వాత, "పోనీ లెండి, తిరిగి తీసుకుంటాను. నేనే ఇంకోసారి అడిగి ఉండాల్సింది. తప్పు నాదే" అంది.

తప్పు నాదే! ఆ మాట తూనీగ తట్టుకోలేకపోయింది. ఏ తప్పూ చెయ్యని ఆంటీ ఆ మాట అనడమేమిటి? ఒక్క ఉదుటున మెట్లు దిగి అంకుల్ వెనకాల పరుగెత్తింది.

"అంకుల్! ఆగండి! పెట్టె మంచిదే! ఆంటీ మోసం చెయ్యలేదు. నేనే... నేనే తప్పు అంకె చెప్పాను. అంత చిన్న పెట్టె మా కంప్యూటర్‌ని మొయ్యలేదు."

అంకుల్ ఆగాడు. గుమ్మంలో అమ్మ, ఆంటీ నిలబడి ఉన్నారు. తూనీగకి ఏడుపొచ్చేసింది. అయినా ఆపకుండా మొత్తం చెప్పేసింది. ఆట తెరవకుండా చూసిన సంగతీ, ఆకుల సంగతీ, ఏదీ దాచలేదు.

"అదా సంగతి" అంటూ అంకుల్ నవ్వి వెనక్కి వచ్చాడు.

అమ్మ ఆంటీ చేతులు పట్టుకుంది. "ఏమీ అనుకోకండి. కోపంలో నోరు జారాను."

"పర్వాలేదండీ. పిల్ల నిజం చెప్పింది, అంతే చాలు" అంది ఆంటీ. ఆమె కళ్లు మాత్రం ఇంకా తడిగానే ఉన్నాయి. "చిన్నది నేను తీసుకుని పెద్ద పెట్టె ఇస్తాను. ఈసారి సరిగ్గా చూసుకుని రండి" అని మీటర్ మళ్లీ చేతిలో పెట్టింది.

దారంతా అమ్మ తిట్టలేదు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది తూనీగకి. ఇంటికొచ్చేసరికి కరెంటు వచ్చింది. అమ్మ ఇల్లు కట్టించుకునేవాళ్లకి ఫోన్ చేసింది. "ఇవాళ చూపించలేనండీ, క్షమించండి. రేపు తప్పకుండా" అని బతిమాలింది. తూనీగ గుమ్మం పట్టుకుని అంతా వింది. అమ్మ అలా బతిమాలడం అంతకుముందెప్పుడూ వినలేదు.

ఫోన్ పెట్టేశాక, "అమ్మా, నువ్వు కూడా రా. చూద్దువుగాని" అంది.

మీటర్ పెట్టింది. ఆట తెరిచింది. హంగులన్నీ ఎప్పుడూ పెట్టుకున్నట్టే పూర్తిగా పెట్టింది. అడవిలో ఆకులన్నీ ఊగాయి. ఏనుగు బుసలు కొట్టింది.

"ఓహో, ఇదా మన చిన్న ఆట!" అంది అమ్మ.

తూనీగ చెవులు ఎర్రబడ్డాయి. అమ్మ వంగి మీటర్ చూసింది. "మూడు వందల యాభై. సరే, ఇంక ఆపెయ్. ఇదే చెప్దాం."

"అప్పుడే కాదమ్మా."

"మళ్లీ ఏంటే?"

"అసలు రాక్షసుడు ఇంకా రాలేదు. వాడొస్తే ఇంకా పెరుగుతుంది."

అమ్మ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. తూనీగ అడవి దాటింది, వాగు దాటింది, గుహలోకి అడుగు పెట్టింది. రాక్షసుడు నిప్పులు కక్కుతూ మీదికి దూకాడు. ఏనుగు గది దద్దరిల్లేలా హోరెత్తింది.

తూనీగ మౌస్ వదిలేసి బల్ల కిందికి దూరింది.

"నాలుగు వందల నలభై!" అని గట్టిగా చదివింది.

"ఒసేయ్, నీ వీరుడు చచ్చిపోతున్నాడే!" అని అమ్మ అరిచింది.

"చావనీ అమ్మా! ఇంకోసారి చూసి చెప్తా, ఉండు" అంది బల్ల కిందనుంచి తూనీగ.