తన తుపాకీని తిట్టని మనిషి

"ఆ పాత సామాను ఏ మ్యూజియంకో ఇచ్చెయ్ వెర్నా," అన్నాడు చీఫ్ లాంగ్.

పాత సామాను అన్నది వెర్నా టాలివర్ నడుముకున్న రివాల్వర్‌ని. గూఢచారి శాఖలో చేరిన రోజునుంచీ ఆమె దగ్గర ఉన్నది అదొక్కటే. ఈలోగా ముగ్గురు చీఫులు మారారు, ఆమె జుట్టు రంగు మారింది, రివాల్వర్ మాత్రం మారలేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఆఫీసులో ఆమె వెనక చెప్పుకునేవారు. ఆమె ముందే చెప్పుకున్నా పట్టించుకునే రకం కాదు.

చీఫ్ బల్లమీద ఒక నల్ల పెట్టె తెరిచాడు. అందులో కొత్త పిస్టల్, పక్కనే ఒక ఉంగరం. ఉంగరం వేలికి ఉంటేనే పిస్టల్ పేలుతుందిట. శత్రువు లాక్కున్నా వాడి చేతిలో ఇనపముక్కే. శాఖ మొత్తానికి ఇవే ఇస్తున్నారు. చీఫ్ అప్పటికే తన వేలికి ఒకటి తొడుక్కున్నాడు. డెల్ఫీన్ క్యారో స్వయంగా పరీక్షించి బాగుందన్నదని చెప్పేటప్పుడు ఆయన గొంతులో కొత్తల్లుడి మురిపెం వినిపించింది.

డెల్ఫీన్ క్యారో అంటే తుపాకుల పత్రికల అట్టమీద నవ్వే అందగత్తె. లోకానికి తెలిసింది అంతే. తెలియనిదేమిటంటే, ఆమె మన శాఖకి వేగు. విదేశీ ముఠాల విందుల్లో తిరిగి వాళ్ళ గుట్లు మనకి మోసుకొస్తుంది. ఇప్పుడు మోసుకొచ్చిన కబురు హెరాల్డ్ నైబర్గ్ గురించి.

హెరాల్డ్ ఒకప్పుడు అలాంటి ఒక ముఠాకే రహస్య రేడియోలు తయారుచేసిన ఇంజినీరు. మనసు విరిగి మన వైపు వచ్చాడు. పేరు మార్చుకుని, గడ్డం పెంచుకుని, మోంటానాలో సాల్ట్ ఫోర్క్ అనే చిన్న ఊళ్ళో గడియారాలు బాగుచేసుకుంటున్నాడు. సోమవారం కోర్టులో అతను నోరు విప్పితే ముఠా మొత్తం లోపలికి పోతుంది. విప్పకుండానే పోతే ముఠా బయటే ఉంటుంది. శాఖ దగ్గర రాత సాక్ష్యం ఏదీ లేదు, ఉన్నదల్లా ఈ మనిషి ప్రాణం.

"శనివారం ఆ ఊరి క్లబ్బులో పిస్టల్ పోటీ. ఇతనూ దిగుతున్నాడు. వాళ్ళ మనిషి ఒకడు పడమటి రోడ్డు మీదుగా వస్తున్నాడని డెల్ఫీన్ కబురు," అన్నాడు చీఫ్.

"ఇంట్లో కూర్చోబెట్టొచ్చుగా సార్."

"చెప్పి చూశాం. రెండేళ్ళు దాక్కున్నాను, చాలు అంటున్నాడు. వాళ్ళకి భయపడి ఈ ఒక్క సరదా కూడా మానుకుంటే ఇంక బతికుండి ఏం లాభం అంటున్నాడు."

ఆ మనిషిని చూడకుండానే వెర్నాకి నచ్చేశాడు. చీఫ్ నల్ల పెట్టె ఆమె ముందుకి నెట్టాడు. దీన్ని వెంట తీసుకెళ్ళకపోతే తిరిగొచ్చాక బ్యాడ్జీ బల్లమీద పెట్టాల్సిందేనన్నాడు. కొత్తొక వింత, పాతొక రోత అనుకుంటూ వెర్నా పెట్టె చంకన పెట్టుకుని లేచింది.

ఆయన మాట జవదాటలేదు. సాల్ట్ ఫోర్క్‌కి పిస్టల్‌ని వెంటే తీసుకెళ్ళింది. పికప్ ట్రక్ డాష్‌బోర్డు అరలో పెట్టి, ఉంగరం కూడా దానిమీదే పెట్టి, తాళం వేసింది. ఎక్కడ పెట్టుకోవాలో చీఫ్ చెప్పలేదు మరి.

ఆమెకి మారువేషం అక్కర్లేకపోయింది. సాల్ట్ ఫోర్క్ ఆమె సొంత ఊరే. పెద్ద నగరంలో ఇన్సూరెన్స్ ఇన్‌స్పెక్టర్‌గా ఉద్యోగమని అక్కడివాళ్ళ నమ్మకం. ఆమెకి పిస్టల్ పట్టడం నేర్పిన ఎమ్మెట్ స్ట్రాండే ఇప్పటికీ క్లబ్బు రేంజ్‌కి, అంటే కాల్పుల మైదానానికి, ఆఫీసరు. ఎనభై దగ్గరపడుతున్నా ఆయన కేక వేస్తే అవతలి కొండ పలుకుతుంది.

ఎమ్మెట్‌కి దేవుడెంతో రూలంత. అందరూ ఒక వరసలో నిలబడి కాలుస్తారు. ఆ వరస 'లైన్'. కాల్చడం అయ్యాక ఆయన "లైన్ మూశాం" అని కేక పెడతాడు. ఆ కేక పడిందంటే తుపాకులన్నీ ఖాళీగా, నోళ్ళు తెరుచుకుని బల్లలమీద పడుండాలి. నడుముకున్నది నడుముకే ఉండాలి. జనం ముందుకి నడిచి తమ తమ టార్గెట్లలో చిల్లులు చూసుకుని తిరిగొచ్చేదాకా ఎవరూ తుపాకీని ముట్టకూడదు. తుడవడానికైనా సరే, కన్నతండ్రి అడిగినా సరే.

షెడ్డు కింద మాంసం, చిక్కుడుగింజల చిల్లీ ఉడుకుతోంది. కాఫీ గిన్నె పక్కన నిలబడ్డ గడ్డం మనిషి దగ్గరకి వెళ్ళి, ఈ ఏడు ఏట్లో ట్రౌట్ చేప పడుతోందా అని వెర్నా అడిగింది. పురుగు ఎరకి పడట్లేదు, ఈక ఎరకి పడుతోంది అన్నాడతను. అది కోడ్ వర్డ్. హెరాల్డ్ తనేనని తేలింది.

కోడ్ కంటే వెర్నాకి ఎక్కువ నమ్మకమున్న ప్రశ్న ఇంకోటుంది. అతని చేతిలోని టేపు చుట్టిన పాత పిస్టల్ వైపు చూపిస్తూ, దీన్నే ఎందుకు ఎంచుకున్నారు అని అడిగింది.

అంతే, హెరాల్డ్‌కి పూనకం వచ్చినట్టయింది. ఇది పీడ, ఇది శని అన్నాడు. చలికాలం గురి ఎడమకి లాగుతుందిట. పిడి విరిగితే టేపు తప్ప దిక్కు లేదుట. షాపులో ఎన్నో మంచివి చూపించారుట. అన్నీ వదిలేసి దీన్ని తెచ్చుకుని రెండేళ్ళుగా తిట్టుకుంటున్నాడుట. తిడుతున్నంతసేపూ అతని బొటనవేలు ఆ పిడిని నిమురుతూనే ఉంది. ఎమ్మెట్ వచ్చి తన ముసలి పిస్టల్‌ని అంతకి రెట్టింపు తిట్టాడు. ఆడలేక మద్దెల ఓడనడం కాదిది. ఏళ్ళ తరబడి కాపురం చేసినవాళ్ళు ఇంటి మనిషిని తిట్టుకోవడం.

"మరి మీది?" అన్నాడు హెరాల్డ్.

వెర్నా తన రివాల్వర్ చరిత్ర విప్పింది. నడుముకి ఒకటి, పోటీకి ఒకటి ఉండాలని అందరూ చెప్పేవారు. నడుముకుండేది పొట్టిగా, తేలిగ్గా, వంగినప్పుడు పక్కలో పొడవకుండా ఉండాలి. గురికి వాడేది బరువుగా, పొడుగ్గా ఉండాలి. రెండూ ఒకదానిలో కావాలంటే పెళ్ళికీ పొలానికీ ఒకే చెప్పులు కొన్నట్టే. నిజమే. కానీ చెయ్యి ఒక్కదాన్నే నేర్చుకుంటుందని ఆమె మొండితనం. షాపులో ఒక్కో తుపాకీ పట్టుకుని కళ్ళు మూసుకునేది, చెయ్యెత్తేది, కళ్ళు తెరిచేది. ఒకటి పైకి చూసేది, ఒకటి పక్కకి చూసేది. ఈ రివాల్వర్ ఒక్కటే, కళ్ళు తెరిచేసరికి, చూడాల్సిన చోట చూస్తోంది.

"ట్రిగ్గర్ మొండిది. వెనకాల పొడుచుకొచ్చిన సుత్తి కోటు లైనింగులన్నీ చింపేసింది. పిడి పెచ్చులూడింది. గిట్టే రోజొస్తే ఏట్లో పారేస్తాను," అంది వెర్నా.

హెరాల్డ్ మనసారా నవ్వాడు. సరిగ్గా అప్పుడే డెల్ఫీన్ క్యారో కారు దిగింది.

తెల్ల తోలు కోటు, వేళ్ళదాకా పట్టు గ్లవ్స్, కళ్ళకి నీలం అద్దాలు. క్లబ్బు మగాళ్ళందరూ ఒక్కసారిగా పొట్టలు లోపలికి లాక్కున్నారు. తనూ పోటీలో దిగుతున్నానని చెప్పి, తొమ్మిదో బల్లమీద వెండిలా మెరిసే పిస్టల్ పెట్టింది. దాని పక్కన మూడు కాళ్ళ స్టాండుమీద ఒక స్కోప్ బిగించింది. దూరంగా ఉన్న టార్గెట్‌లో తమ చిల్లులు చూసుకోవడానికి ఇలాంటి బుల్లి దుర్భిణి అందరి బల్లలమీదా ఉంటుంది. ఈమెది కాస్త లావు.

వెర్నాకి వినబడేలా, పడమటి రోడ్డుమీద మీవాళ్ళని పెట్టారు కదా డియర్ అని నెమ్మదిగా అడిగింది. పెట్టాం అంది వెర్నా. ఇద్దరు ఏజెంట్లు కొత్త పిస్టళ్ళతో రేంజ్ గేటు దగ్గర రోడ్డుకి కాపలా ఉన్నారు. తర్వాత వెర్నా ఊరికే అడిగినట్టు అడిగింది, ఈ వెండి పిస్టల్‌నే ఎందుకు ఎంచుకున్నారని.

"పర్‌ఫెక్ట్ బ్యాలెన్సు, పర్‌ఫెక్ట్ ట్రిగ్గర్. వంక పెట్టడానికి ఏమీ లేదు," అంది డెల్ఫీన్.

వెర్నా చెవిలో జోరీగ దూరింది. వంక లేని తుపాకీ ప్రకటనల్లో ఉంటుంది, చేతిలో ఉండదు. వంక తెలియలేదంటే దానితో కాపురం చెయ్యలేదన్నమాట. అయినా ప్రకటనలు చేసే మనిషి ప్రకటనలాగే మాట్లాడుతుంది కదా అని సర్దిచెప్పుకుంది. కానీ జోరీగ పోలేదు.

పోటీ మొదలైంది. ఇక్కడి పద్ధతి ఒంటి చేత్తో కాల్చడం. రెండో చెయ్యి ఊగకుండా కోటు జేబులో పెట్టుకోవాలి. హెరాల్డ్ నాలుగో బల్ల దగ్గర, వెర్నా అయిదో బల్ల దగ్గర. డెల్ఫీన్ బాగానే కాల్చింది. చెయ్యి వణకలేదు.

"లైన్ మూశాం," అని ఎమ్మెట్ కేక పెట్టాడు. తుపాకులు బల్లలమీదకి చేరాయి. వెర్నా కూడా రివాల్వర్ ఖాళీ చేసి చూపించింది. హెరాల్డ్‌కి కాపలా కాబట్టి దాన్ని తిరిగి నింపి నడుముకి పెట్టుకోవడానికి పొద్దున్నే ఎమ్మెట్ ఒక్కడికే అసలు సంగతి చెప్పి అనుమతి తీసుకుంది. ముట్టుకుంటే మాత్రం ఊరుకోనని పెద్దాయన అప్పుడే హెచ్చరించాడు.

జనమంతా కబుర్లాడుకుంటూ యాభై గజాలు నడిచి టార్గెట్ల దగ్గరకి చేరారు. హెరాల్డ్ తన కాగితంమీద వంగి, చూశారా, మళ్ళీ ఎడమకే లాగింది అని గొణుగుతున్నాడు. వెర్నా వరసంతా ఒకసారి కలయజూసింది. ప్రతి టార్గెట్ ముందూ దాని మనిషి ఉన్నాడు. తొమ్మిదో దాని ముందు ఎవరూ లేరు.

పిల్లాడి మార్కులొచ్చిన రోజున తల్లి స్కూలుకి రాలేదంటే నమ్మొచ్చు. కాల్చినవాడు తన చిల్లులు చూసుకోవడానికి రాలేదంటే వెర్నా నమ్మదు. గిరుక్కున వెనక్కి తిరిగింది.

డెల్ఫీన్ బల్ల దగ్గరే ఉంది. స్కోప్‌కి కన్ను ఆనించి కూర్చుంది. బల్ల వదిలి వెనక్కి జరగమని ఎమ్మెట్ అరుస్తున్నాడు, ఆమె తలెత్తలేదు. స్కోప్ మూతి తొమ్మిదో టార్గెట్ వైపు లేదు. నాలుగో దాని వైపు, వంగి ఉన్న హెరాల్డ్ వీపు వైపు తిరిగి ఉంది. పట్టు గ్లవ్ వేలు దాని అడుగున దేన్నో వెతుకుతోంది.

పడుకోమని చెప్పేంత వ్యవధి లేదు. చెబితే ఎందుకు అని అడిగే రకం హెరాల్డ్. వెర్నా అతనికి అడ్డంగా నిలబడింది. లైన్ మూసి ఉంది. ఎదురుగా ఎమ్మెట్ ఉన్నాడు. చిన్నప్పటినుంచీ ఆయన నేర్పిందంతా ఆమె చేతిని ఆగమంటోంది. మూసిన లైన్‌మీద తుపాకీ ముట్టడమే పాపం, దాన్ని మనుషుల వైపు తిప్పడం మహాపాపం.

ముట్టింది. తిప్పింది. ఎడమ చెయ్యి అలవాటుకొద్దీ తనంతట తనే జేబులో దూరింది. కుడి చెయ్యి లేచేసరికి రివాల్వర్ చూడాల్సిన చోటే చూస్తోంది. మొండి ట్రిగ్గర్ మొండిగానే కదిలింది.

ఒకే చప్పుడనుకున్నారంతా. నిజానికి రెండు. వెర్నా తూటా స్కోప్ గాజులో దూరింది. స్కోప్‌లో దాచిన తూటా దారితప్పి, హెరాల్డ్ టోపీకి మూరెడు ఎత్తున మట్టిగట్టులో కూరుకుపోయింది. డెల్ఫీన్ మణికట్టు పట్టుకుని కుర్చీలోంచి పక్కకి ఒరిగింది.

గేటు దగ్గరి ఇద్దరు ఏజెంట్లూ కొత్త పిస్టళ్ళు గురిపెట్టి పరుగెత్తుకొచ్చారు. రెండింటిమీదా ఎర్ర దీపాలు మిణుకుమంటున్నాయి. డెల్ఫీన్ హ్యాండ్‌బ్యాగులోని లిప్‌స్టిక్‌లాంటి గొట్టం చుట్టుపక్కల ఉన్న ఉంగరాలన్నిటినీ మూగవి చేసేసిందని ఆ తర్వాత తెలిసింది. పడమటి రోడ్డు, అక్కడినుంచి రాబోయే మనిషి, అంతా కట్టుకథ. ఆఫీసుకి ఆ పిస్టళ్ళు అంటగట్టిందీ ఇందుకే.

వెర్నా దగ్గరకి వచ్చేసరికి డెల్ఫీన్ ఆమె వేళ్ళవంక చూసింది. "నీ కొత్త పిస్టల్ ఏదీ?"

"ట్రక్కులో నిద్రపోతోంది," అంది వెర్నా. "పర్‌ఫెక్ట్‌గా."

బేడీలు పడ్డాయి. ఎమ్మెట్ నెమ్మదిగా నడిచొచ్చాడు.

"లైన్ మూసి ఉండగా ముట్టావమ్మాయ్. పైగా నా వైపు తిప్పి పేల్చావ్. ఈ సీజనంతా నువ్వు ఔట్. గేటు బయటికి నడు."

"ఆవిడ నా ప్రాణం కాపాడిందండీ," అన్నాడు హెరాల్డ్.

"బతికావు, సంతోషం బాబూ. ఆ రూలు బతికుండబట్టే నా రేంజ్‌లో ఇన్నేళ్ళూ ఎవరూ చావలేదు."

వెర్నా ముగ్గురు చీఫుల ముందు వంచని తల ఆ ఒక్కడి ముందు వంచింది. "నిజమే పెద్దాయనా," అని పేలిన తూటా ఖాళీ తొడుగు జేబులో వేసుకుని నడిచింది. బ్యాడ్జీ పోతుందన్నప్పుడు కూడా ఇంత బాధ కలగలేదు. ఎమ్మెట్ అక్కడితో ఆగలేదు. కారులో కూర్చోబెట్టిన డెల్ఫీన్ దగ్గరకి కూడా వెళ్ళి, తొమ్మిదో నెంబరు కూడా ఔట్ అని ప్రకటించి వచ్చాడు. ఆయనకి ఎవరైనా ఒకటే.

గేటు బయట ట్రక్ వెనక తలుపుమీద కూర్చుని ఉండగా చీఫ్ ఫోను వచ్చింది. ఆయన గొంతులో కొత్తల్లుడి మురిపెం ఎగిరిపోయింది. సాక్ష్యం కోసం ఆ రివాల్వర్ శాఖకి అప్పగించాలేమో అని నసిగాడు.

"ఇవ్వను సార్," అంది వెర్నా. "బ్యాడ్జీ కావాలంటే చెప్పండి, పోస్టులో పంపిస్తాను."

బ్యాడ్జీ ఆమె దగ్గరే ఉండనీ అన్నాడు చీఫ్. వెర్నా ఫోను పెట్టేసింది.

లోపల ఆఖరి రౌండు మొదలైంది. ఇంత జరిగాక కూడా హెరాల్డ్ వెనక్కి తగ్గలేదు. సగంలో వదిలేసి వెళ్ళడానికి ఇదేం సర్కసా అన్నాడుట. ఏజెంట్లు ఇద్దరూ వట్టి చేతులతో అతనికి చెరోవైపు గోడల్లా నిలబడ్డారు. కంచె ఇవతలినుంచి వెర్నా అతని పిస్టల్ చప్పుడు ఒక్కటే ఏరుకుని వింది.

చివరికి గేటు తెరుచుకుంది. హెరాల్డ్ చేతిలో టార్గెట్ కాగితం పట్టుకుని నిక్షేపంలా నడిచొచ్చాడు. వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళున్నాయి. ఏదో పెద్ద మాట అనబోతున్నాడని వెర్నా భయపడింది.

"చూశారా వెర్నా గారూ," అన్నాడు కాగితం చూపిస్తూ. "ఈ దిక్కుమాలిన పిస్టల్ మళ్ళీ ఎడమకే లాగింది."