కరిగుండు కబురు

ఎమ్మిగనూరులో చేనేత తువాళ్ల దుకాణం మేడమీద ఉంటుంది ప్రైవేట్ డిటెక్టివ్ వసంత ఆఫీసు. ఆ శనివారం పొద్దున మెట్లెక్కి వచ్చిన పెద్దమనిషి కుర్చీలో కూర్చోకుండానే తలుపు గడియ వేయమన్నాడు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరై, ఇప్పుడు వసంతకు సహాయకుడిగా, కారు డ్రైవరుగా ఉంటున్న యేసేపు గడియ వేసి ఆయనకు మంచినీళ్లు ఇచ్చాడు.

"నా పేరు జనార్దన్. ఆదోనిలో పత్తి జిన్నింగ్ మిల్లు ఉంది. నిన్న మా ఇంటి మీద రాళ్లేసినారమ్మా. రాళ్లకు భయపడి రాలేదు. నేను చెయ్యని పని నా పేరు మీద నిలిచిపోతుందని భయం" అన్నాడాయన.

ఆయనే మొదటినుంచి చెప్పసాగాడు.

హాలహర్వి వైపు పొలాల కోసం ఒక కంపెనీ వచ్చింది. రైతులు సర్వే రాళ్లు పీకేశారు, నోటీసులు తీసుకోలేదు, జీపులను ఊరి బయటే తిప్పి పంపారు. ఆ తిరుగుబాటుకు ముందున్న మనిషి మున్వర్. ఆదోని మిల్లు యజమానులంతా కంపెనీ పక్షం. జనార్దన్ ఒక్కడే రైతుల కమిటీలో చేరాడు.

"మీవాళ్లను కాదని ఎందుకు చేరారు?"

"మున్వర్ ఉన్నాడని. చదువుకునే రోజుల్లో మా ఇంట్లోనే ఉండి పెరిగినాడు. మా నాయన మా ఇద్దరికీ ఒకే తానులో చొక్కాలు కుట్టించేవాడు. వానితోనే నాకు ఉర్దూ వచ్చింది. ఇప్పటికీ మేమిద్దరం మాట్లాడుకునేది ఆ బాసలోనే."

సర్వేను అడ్డుకోవడానికి శుక్రవారం బైఠాయించాలని మున్వర్, జనార్దన్ ముందే అనుకున్నారు. ఎక్కడన్నది మాత్రం బుధవారం సాయంత్రం మున్వర్ ఫోన్ చేసి చెప్పాడు. కరిగుండు అనే పెద్ద నల్లబండ దగ్గర. ఆ సంగతి మూడో మనిషికి తెలియదు. అయినా గురువారం పొద్దున్నే కంపెనీ మనుషులు సరిగ్గా అక్కడికే వచ్చి, ఒంటరిగా దొరికిన బసన్న అనే రైతు చెయ్యి విరగ్గొట్టారు. ఆ వెనకే పోలీసులు దిగారు. శుక్రవారం ఎవరూ కూర్చోలేకపోయారు.

"రేపు ఆదివారం హాలహర్విలో సభ. ద్రోహం చేసింది నేనేనని తీర్మానం చేస్తారంట. చేస్తే చేయనీ. మున్వర్ నా ఫోన్ ఎత్తడంలేదమ్మా" అన్నాడు జనార్దన్.

"ఫోన్ వచ్చినప్పుడు ఇంట్లో ఎవరెవరున్నారు?"

"నా చెవి మందం. స్పీకరు పెట్టి మాట్లాడినా. మా ఇంటామె గిరిజమ్మ వంటింట్లో ఉంది. మా మిల్లు మేనేజరు ఈరేష్ వాకిట్లో ఉన్నాడు. అంతే."

మధ్యాహ్నానికి యేసేపు కారు ఆదోనిలో జనార్దన్ ఇంటి ముందు ఆగింది. పత్తి బోరాల లారీలు యార్డు వైపు పోతూ వీధంతా దూది పింజలు రాలుస్తున్నాయి. పగిలిన కిటికీ అద్దాలను గిరిజమ్మ ఇంకా ఊడుస్తూనే ఉంది.

"నాది తుగ్గలి పక్క పల్లెమ్మా. వాళ్లిద్దరూ ఉర్దూలో మొదలుపెడితే నాకు ఒక్క ముక్క తెలియదు. నవ్వితే నవ్వుతున్నారనుకుంటా" అంది. "ఆ బుధవారం సాయంత్రం మా మరిది బసవరాజుకు అన్నం పెడతాన్నా. ఫోనొస్తానే ఆ మనిషి తినడం ఆపి, చెయ్యి గూడ కడుక్కోకుండా కూర్చున్నాడు. ఏమప్పా, కూర బాగలేదా అంటే పలకలేదు."

వసంత తల ఎత్తింది. యేసేపు కూడా గమనించాడు. జనార్దన్ చెప్పిన పేర్లలో తమ్ముడి పేరు లేదు.

ఈరేష్ తడుముకోకుండా మాట్లాడాడు. "నేను ఈడే పుట్టినా మేడమ్. హమాలీలతో పొద్దంతా ఉర్దూనే. సారు ఫోను అంతా వినపడింది. కరిగుండు కాడ, వాగు పక్కన కూర్చుందామని మున్వర్ సాబు చెప్పినాడు. శుక్రవారం మిల్లుకు రానని సారు ముందే చెప్పినాడు గాబట్టి అది ఆ దినమేనని నాకు అర్థమైపాయ. కానీ నేను ఎవురికీ చెప్పలా."

బసవరాజుకు టిప్పర్లున్నాయి. కంపెనీ మట్టి పని ఆయనదే. వసంత ఆయన ఇంటికి వెళ్లేసరికి వరండాలో ఫోన్లో ఉన్నాడు. "నాళె బా, ఇవత్తు బేడ" అని డ్రైవరుతో చెప్పి, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. రేపు రా, ఈరోజు వద్దని ఆ కన్నడం మాటలకు అర్థం.

"కన్నడం బాగా వచ్చినట్లుందే మీకు."

"సిరుగుప్పలో మా అవ్వ కాడ పెరిగినా. అమ్మ పోయినప్పుడు నేను చిన్నోణ్ణి. నన్ను ఆడికి పంపించినారు. అన్న ఈడనే ఉన్నాడు. నేను తిరిగొచ్చేసరికి మీసాలొచ్చినాయి."

"ఉర్దూ?"

"రాదు. ఎవురూ నేర్పలా" అని లోపలికి పోయాడు.

పొద్దు వాలకముందే వాళ్లు హాలహర్వి దగ్గర మున్వర్ పొలం చేరారు. మున్వర్ పక్కనే కట్టుకట్టిన చేత్తో బసన్న కూర్చుని ఉన్నాడు. మున్వర్ ఎత్తైన మనిషి. నెరిసిన గడ్డం. జనార్దన్ పేరు ఎత్తగానే ఆయన మొహం పత్తి చేను వైపు తిప్పుకున్నాడు.

"ఫోన్ మోగుతాంటే చూస్తా కూర్చుంటానమ్మా. ఎత్తితే ఏమని అడగాల? నువ్వే చెప్పినావా అని అడగాల్నా? ఆ మాట నా నోట్నుంచి వస్తే, వాడు లేదన్నా నేను అడిగినట్లే ఉండిపోతుంది గదా."

"బుధవారం మీరు ఫోన్లో ఏమన్నారో అవే మాటలు చెప్పండి."

మున్వర్ కళ్లు మూసుకుని గుర్తు చేసుకున్నాడు. "కరిగుండు. నాలే కే పాస్ బైఠేంగే. అంతే. దినం ముందే అనుకున్నాం. ఫోన్లో తావు ఒక్కటే చెప్పినా."

వసంత బసన్న వైపు తిరిగింది. "నిన్ను కొట్టినవాళ్లు ఏమైనా అడిగారా?"

"గొర్రెలకు నీళ్లు తాపుతాంటి. జీపు దిగినారు. ‘తక్కినోళ్లు యాడ? ఈపొద్దు అందరూ ఈడ కూర్చుంటారంట గదా’ అన్నారు. నాకేం తెలుసన్నా. అంతే, కట్టెలు ఎత్తినారు."

"ఈపొద్దు అన్నారా? రేపు అనలేదా?"

"ఈపొద్దనే అన్నారమ్మా. రెండు తడవలన్నారు."

తిరుగు దారిలో వసంత, "మనిషి ఎవరో తెలిసింది యేసేపన్నా. జనార్దన్ గారికి ఎట్లా చెప్పాలన్నదే తెలియడంలేదు" అంది. యేసేపు ఆశ్చర్యంగా అద్దంలోంచి చూశాడు. తను విన్న మాటలే ఆమె కూడా విన్నది. తనకు ఏమీ దొరకలేదు.

ఆదివారం పొద్దున జనార్దన్ ఇంటి నడవలో గిరిజమ్మ, బసవరాజు, ఈరేష్ అందరూ కూర్చున్నారు. వసంత పిలిచిందని మున్వర్, బసన్న వచ్చారు. మున్వర్ లోపలికి రావడానికి గడప దగ్గర కాసేపు తటపటాయించాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ గడప దగ్గర ఆయన ఆగడం అదే మొదటిసారి. జనార్దన్ లేచి నిలబడ్డాడు గానీ ఎదురు పోలేకపోయాడు.

"కబురు చేరవేసిన మనిషి ఒక తప్పు చేశాడు" అని మొదలుపెట్టింది వసంత. "బైఠాయింపు శుక్రవారం. కంపెనీవాళ్లు వచ్చింది గురువారం. రావడమే కాదు, తక్కినవాళ్లు ఏరని బసన్నను అడిగారు. అంటే వాళ్లకు తావు సరిగ్గా అందింది, దినం తప్పు అందింది. మున్వర్ గారికి, జనార్దన్ గారికి దినం తెలుసు. వాళ్లు చెప్పి ఉంటే ఈ తప్పు జరగదు. ఈరేష్‌కూ శుక్రవారమని తెలుసు. గిరిజమ్మగారికి ఉర్దూ అర్థం కాదు. తావు పేరు చెవిన పడినా దినం ఏదో ఆమెకు తెలిసే దారే లేదు."

"మరి గురువారమని ఎట్లా అనుకున్నారు?" అన్నాడు బసన్న.

"ఒక్క మాటవల్ల. మున్వర్ గారు ‘నాలే కే పాస్’ అన్నారు. వాగు పక్కన అని. ఉర్దూ వచ్చినవాళ్లకు నాలా అంటే వాగు, ‘కే పాస్’ ముందు అది నాలే అవుతుంది. ఉర్దూ రాక, చిన్నప్పటినుంచి కన్నడంలో పెరిగిన చెవికి అది ‘నాళె’ అని వినపడుతుంది. నాళె అంటే రేపు. లకూ ళకూ ఫోన్ స్పీకరులో తేడా ఎంత? ‘బైఠేంగే’లో బైఠాయింపు ఎటూ వినపడుతుంది. కరిగుండు, రేపు, బైఠాయింపు. బుధవారం విన్న మనిషికి రేపంటే గురువారం."

బసవరాజు నేల చూపులు చూస్తూ, "నేనే" అన్నాడు.

"ఎందుకప్పా?" గిరిజమ్మ అడిగింది. "ఆ టిప్పర్ల కోసరమా?"

"టిప్పర్లు పోతే పోనీ వదినా." బసవరాజు అన్న వైపు చూశాడు. "నేను సిరుగుప్పలో పండుకొని అన్న యాడున్నాడో, ఏం చేస్తాన్నాడో అనుకుంటా పెరిగినా. తిరిగొస్తే నా తావులో మున్వర్ ఉన్నాడు. మీరిద్దరూ నాకు తెలియని బాసలో నవ్వుకుంటారు. నేను పక్కనే కూర్చుని తింటా. ఒక్కనాడన్నా ‘ఇదిరా సంగతి’ అని చెప్పినావా అన్నా? జనం నిన్ను బయటికి నెడితే నాకాడికి వస్తావనుకున్నా. బసన్నను కొడతారని మాత్రం అనుకోలే. అమ్మ మీద ఒట్టు."



"ఇంకొక సంగతి" అంది వసంత మెల్లగా. "ఆ సాయంత్రం ఇంట్లో ఎవరున్నారని అడిగితే, ఎదురుగా కూర్చుని తింటున్న తమ్ముడి పేరు మీరు చెప్పలేదు సార్. మరచిపోయారా?"

జనార్దన్, "మరచిపోలేదమ్మా" అన్నాడు. "గురువారమే అనుమానం వచ్చింది. నీ కాడికి వచ్చింది గూడ, ఇంకెవురి పేరన్నా చెప్తావేమోనని. చెప్తే వాణ్ణి పోగొట్టుకోవాల. చెప్పకుంటే మున్వర్‌ను పోగొట్టుకోవాల. ఎటూ తెగలా."

మున్వర్ లేచాడు. ఎప్పుడూ జనార్దన్‌తో ఉర్దూ తప్ప మాట్లాడని మనిషి, బసవరాజుకు అర్థం కావాలనేమో, తెలుగులో మాట్లాడాడు.

"బసవరాజూ, నీ తావు నేను తీసుకున్నానని నాకు తెలియదప్పా. చిన్నపిల్లోణ్ణి, పెట్టిన కాడ తిన్నా. దానికి నా మీద కోపం ఉంటే నన్ను అడగాల్సింది. బసన్న చెయ్యి ఏం చేసింది? కొట్టినోళ్లెవురో, ఎవురితో చెప్పినావో స్టేషన్లో చెప్పు." తరువాత జనార్దన్ వైపు తిరిగాడు. "నువ్వు ద్రోహివి కాదని సభలో నేనే చెప్తా. కానీ కమిటీలో నువ్వు ఉండద్దు. తెలిసి గూడ నోరు మూసుకున్నావు. ఊరు ఊరంతా నిన్ను అనుమానిస్తాంటే, నేను గూడ అనుమానిస్తాంటే, ఊరికే ఉన్నావు. నిన్ను నమ్మకుండా నేను ఉండలేను జనార్దనా. నీకు చెప్పకుండా మాత్రం ఉంటా."

జనార్దన్ తల ఊపాడు.

మధ్యాహ్నం వసంతను, అన్నదమ్ములిద్దరినీ ఎక్కించుకుని యేసేపు కారు హాలహర్వి చేరింది. బసవరాజు ఎవరూ చెప్పకముందే దిగి పోలీసు స్టేషను మెట్లెక్కాడు. జనార్దన్ అతని వెనకే రెండడుగులు వేసి ఆగిపోయాడు. వీధి అవతల షామియానా కింద సభ మొదలైంది. మైకులో మున్వర్ గొంతు వినపడుతోంది. కబురు జనార్దన్ చెప్పలేదని, ఆయన మీద ఎవరూ చెయ్యెత్తకూడదని చెబుతున్నాడు.

"ఆడికి పోదాం పాండి సార్. ఇప్పుడు మిమ్మల్ని ఎవురూ ఏమనరు" అన్నాడు యేసేపు.

"ఆడ నాకు తావు లేదప్పా. ఈడ్నుంచి వింటా."

మందమైన చెవి కావడంతో ఆయన తల ఒక పక్కకు వంచి, చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని, ఎండలోనే నిలబడ్డాడు. వసంత కారు దిగలేదు. మున్వర్ పొలాల గురించి, తన తండ్రి తవ్విన బావి గురించి, రాబోయే రోజుల్లో చేయాల్సిన పని గురించి మాట్లాడాడు. జనం ఒక్కసారిగా నినాదం ఎత్తుకున్నప్పుడు జనార్దన్ చెయ్యి దానంతట అదే సగం పైకి లేచి, కిందికి దిగింది.

మైకు ఆగిపోయింది. ఆయన మొహం తుడుచుకుని, తమ్ముడు కూర్చుని ఉన్న స్టేషనులోకి నడిచాడు.