నూట పన్నెండు మంది ప్రార్థించారు

మంగళవారం ఉదయం 10.15.

ఏసమ్మ కనపడకుండా పోయి రెండు రోజులు కావస్తోంది. వయసు అరవై రెండు. కడియం నర్సరీల్లో కూలి. సుగర్ పేషెంట్. మందు లేకుండా ఎన్నాళ్లని ఉంటుంది?

ఎస్సై ప్రిస్కిల్లాకి నిద్ర లేదు. ఏసమ్మది తన చర్చి సంఘమే. సెల్ టవర్ కడియమే చూపించింది. నిన్న మధ్యాహ్నం నుంచి ఫోన్ స్విచాఫ్. కడియంలో నర్సరీలు ఒకటా, రెండా!

అందరి అనుమానం కొడుకు విజయ్ పాల్ మీదే. చర్చిలోనే కూర్చోబెట్టి అడిగింది.

"ఆదివారం అమ్మతో గొడవేంటి?"

"నేను తాగుతానని యాప్‌లో చెప్పుకుందండి. ఐజాక్ గారు ఆరాధనలో అందరికీ వినిపించేశారు. నా గడప తొక్కొద్దన్నాను."

"తర్వాత?"

"వెళ్లిపోయిందండి. పన్నెండు నలభైకి. చెయ్యి చేసుకోలేదండి, ఒట్టు."

పక్కనే నిలబడ్డ ఐజాక్ సంఘ పెద్ద. ప్రార్థన విన్నపాల యాప్ ఆయన చలవే. ప్రిస్కిల్లా ఆయన వైపు తిరిగింది.

"ఆవిడ ఆ విన్నపం పాస్టరుగారికి మాత్రమే పెట్టుకుంది కదండీ?"

"ఎక్కువమంది ప్రార్థిస్తే మంచిదనీ..."

"బాగుందండీ మీ మంచి!"

అబ్బో, ఆ యాప్ సంబడం అంతా ఇంతా కాదు. ప్రతి విన్నపం కింద 'ప్రార్థించాను' అని బటన్. వారంలో ఎక్కువసార్లు నొక్కినవాళ్ల పేర్లు ఆదివారం చదువుతారు. చప్పట్లు కూడా. పోయిన నెల ప్రిస్కిల్లాది రెండో స్థానం.

"ఆవిడ దొరకాలని నూట నలభై మంది ప్రార్థించారండి." ఐజాక్ ఫోన్ చూపించాడు.

ప్రిస్కిల్లా చూపు దాని కింద విన్నపం మీద ఆగింది. సోమవారం ఉదయం 6.05. పేరు లేదు. వాయిస్ మెసేజ్, 48 సెకన్లు. ప్రార్థించినవారు 112.

"ఇదేంటి?"

"ఎవరో పేరు వద్దన్నారండి."

"విన్నారా?"

ఐజాక్ బటన్ వైపు వేలు చూపించాడు. "నొక్కానండి."

"తబితగారూ, మీరు?"

పాస్టరుగారి భార్య తల దించుకుంది. "వంటింట్లో ఉన్నాను. తర్వాత విందామని..."

"విజయ్ పాల్, మీ అమ్మకి రాయడం వచ్చా?"

"రాదండి. మైకు నొక్కి మాట్లాడుద్ది."

ప్రిస్కిల్లా ప్లే నొక్కింది.

"వందనాలండి. కాలు మడతపడి లేవలేకపోతున్నాను. సుగరు మందు లేదు. లోవరాజు గారి మూసేసిన నర్సరీలో, గులాబీల షెడ్డులో ఉన్నాను. మావాడికి చెప్పకండి, వాడికి మళ్లీ తలవంపులు. ఎవరన్నా ఒక్కరు రండి."

విజయ్ పాల్ నేల మీద కూలబడి ఏడ్చాడు.

జీపులో ప్రిస్కిల్లా ఆ నూట పన్నెండు పేర్లూ తెరిచింది. అయిదో పేరు తనదే. 6.07. కాఫీ తాగుతూ నొక్కింది. ఛీ, ఏం మనిషిని నేను అనుకుంది.

10.52కి షెడ్డు తలుపు తోశారు. ఏసమ్మకి స్పృహ లేదు. ఊపిరి మాత్రం ఆడుతోంది.

సాయంత్రం అయిదింటికి రాజమండ్రి ఆసుపత్రిలో ఏసమ్మ కళ్లు తెరిచింది. పక్కన ప్రిస్కిల్లా.

"మీరెవరూ నన్ను మర్చిపోలేదమ్మా. ఫోన్లో అంకె చూస్తూనే ఉన్నాను. నలభై అయ్యింది, డెబ్బై అయ్యింది, వంద దాటింది. ఇంతమంది విన్నారు, ఎవరో ఒకరు బయల్దేరే ఉంటారనుకున్నాను. చార్జింగ్ అయిపోయేదాకా చూశాను."

"నేనూ నొక్కాను పిన్నిగారూ. వినలేదు."

ఏసమ్మ చూపు పక్కకి తిప్పుకుంది.

"కాసిని మంచినీళ్లియ్యమ్మా."

ప్రిస్కిల్లా గ్లాసు అందించింది. ఏసమ్మ పడుకునే తాగబోతే, సగం నీళ్లు దుప్పటి మీదే ఒలికాయి.