ఆపరేషన్ వెనక సీటు

"నాలుగింటికి హెలికాప్టర్ దిగుతుంది. అది దిగేలోపు మనవాణ్ణి బయటికి తేవాలి."

పెద్దాయన గోడ మీది మ్యాపుకి పెన్సిల్ ఆనించి అన్నాడు. ఊళ్ళోవాళ్ళ లెక్కలో అది పాత టైర్ల గోదాము. లోపల లారీ టైర్ల దొంతరని పక్కకి తిప్పితే తలుపు తెరుచుకునే ఆ గది మాత్రం దేశపు రహస్య నిఘా విభాగం ఆఫీసు.

"కొండ అవతలి పాత రాతి క్వారీలో విదేశీ ముఠా మకాం. ఒక్క మీట నొక్కితే దేశమంతా కరెంటు ఆర్పేసే ప్రోగ్రాం వాళ్ళ దగ్గరుంది. చిన్న చిప్. మన ఏజెంట్ నెల రోజులుగా వంటవాడి వేషంలో లోపల ఉన్నాడు. ఎక్కడున్నాడో ఇవాళ్టి దాకా నాకొక్కడికే తెలుసు. ఇవాళ పొద్దున వాళ్ళ పెట్టెలోంచి ఆ చిప్ కొట్టేశాడు."

"పెట్టె ఖాళీ అని వాళ్ళకి తెలిసిందా సార్?" అంది ఏజెంట్ నెమలి.

"నాలుగింటికి హెలికాప్టర్‌లో వచ్చేవాడి ముందు పెట్టె తెరుస్తారు. అప్పుడు తెలుస్తుంది."

ఆ తర్వాత ఏం జరుగుతుందో ఆయన చెప్పలేదు. బల్ల చివర నిలబడ్డ ఆఫీసు బళ్ళ మెకానిక్, స్పానర్ అని అందరూ పిలిచే అమ్మాయికి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ వంటవాడు ఆమె మేనమామ కొడుకు. చిన్నప్పటి నుంచి ఇంట్లోవాళ్ళంతా "నీ మొగుడొచ్చాడే" అని ఏడిపించిన బావ.

"రోడ్డు లేదు. కొండలెక్కే నాలుగు చక్రాల బండి, మన ఏటీవీ ఒక్కటే వెళ్ళగలదు. నెమలీ, నువ్వు వెళ్తున్నావు. స్పానర్, నువ్వు వ్యాన్‌లో బండి తీసుకెళ్ళి, అడవి అంచున దించి, స్టార్ట్ చేసిచ్చి, అక్కడే ఉండు."

"నేనే వెళ్తాను సార్. దారి నాకు తెలుసు."

"అమ్మాయ్, ఫీల్డ్ పరీక్షలో కోడ్ మాట చెప్పమంటే 'నమస్తే సార్' అని తల దించుకున్నావు. గుర్తుందా?"

నెమలి ముసిముసిగా నవ్వింది. స్పానర్ తల మళ్ళీ కిందికి వాలింది.

నెమలి వచ్చి ఆర్నెల్లయింది. నాలుగు భాషలు గడగడా మాట్లాడుతుంది. గోళ్ళకి రంగులేని పాలిష్, అద్దంలా మెరుస్తూ. ఆమె నడిచి వెళ్ళిపోయాక కూడా సెంటు కాసేపు ఆఫీసులోనే ఉద్యోగం చేస్తుంది. బావకి జోకు అర్థం కావడానికి మామూలుగా అరపూట పడుతుంది. నెమలి చెప్పిన జోకుకి మాత్రం పూర్తికాకముందే నవ్వేవాడు. అలా నవ్విన ప్రతిసారీ స్పానర్ అవసరం లేని బోల్టు ఒకటి బిగించేది.

వ్యాన్ నడుపుతున్నంతసేపూ ఆమె బుర్రలో తిరిగింది ఒక్కటే. ఏటీవీకి సీట్లు రెండు. ముందు నడిపేవాళ్ళు, వెనక వచ్చేవాళ్ళు. తిరిగొచ్చేటప్పుడు బావ వెనక కూర్చుంటాడు. కొండదారి. నడుం గట్టిగానే పట్టుకోవాలి.

బతికి రావాలి, అంతే చాలు అనుకుంది. ఆ వెంటనే, ఆ నడుం నెమలిది కాకపోతే ఇంకా బాగుండేది అనుకుంది.

అడవి అంచున వ్యాన్ ఆగేసరికి రెండున్నర. ఇద్దరూ కలిసి చెక్క పలకల మీదుగా బండిని దించి, ఎగువకి తోసి, వాలులో వెనక్కి జారకుండా గేరులో వేసి నిలిపారు. వ్యాన్‌ని మలుపు కింద చెట్ల చాటున పెట్టి స్పానర్ తిరిగొచ్చేసరికి నెమలి సీటెక్కి కూర్చుని ఉంది. హ్యాండ్‌బ్యాగు హ్యాండిల్‌కి వేలాడుతోంది.

"చెల్లీ, నీ బండి మూగనోము పట్టింది."

స్పానర్ తాళం తిప్పింది. డ్యాష్‌బోర్డు వెలిగింది. చోక్ లాగి, బ్రేకు పట్టుకుని బటన్ నొక్కింది. టక్కుమన్న చప్పుడు కూడా లేదు.

నిన్న సర్వీసు చేసింది తనే. ఆ సమయంలో నెమలిని తిట్టుకుంటూ చేసింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు ఏ తీగనైనా తెంపేసిందా?

కానీ ఆమెకి పని నేర్పిన ముసలి మెకానిక్ ఒకటే మాట చెప్పేవాడు. కన్ను చెప్పేది కబురు, మీటరు చెప్పేది నిజం. అనుమానం ఎవరి మీదున్నా సరే, బ్యాటరీ దగ్గర మొదలెట్టు.

నెమలిని దింపి, సీటు ఎత్తి మల్టీమీటర్ పెట్టింది. పన్నెండు పాయింట్ ఆరు వోల్టులు. బ్యాటరీ నిండుకుండ. టెర్మినళ్ళు బిగుతుగానే ఉన్నాయి. ఫ్యూజు బాగుంది. హ్యాండిల్ మీది ఎర్ర స్టాప్ స్విచ్చి సరైన వైపే ఉంది.

"ఏమంటోంది?" నెమలి పౌడర్ డబ్బా అద్దంలో కనుబొమ్మలు చూసుకుంటూ అడిగింది.

"రిలే పలకడం లేదక్కా."

బటన్ నొక్కితే రిలే టక్కుమనాలి. అప్పుడే బ్యాటరీలోని కరెంటు స్టార్టర్ మోటారుకి వెళ్తుంది. స్పానర్ ఒక చేత్తో బ్రేకు పట్టి, బటన్ నొక్కి, రెండో చేత్తో రిలేకి వచ్చే సన్నతీగని కొలిచింది. సున్నా. అంటే మోటారు మంచిదే, రిలే మంచిదే. వాటికి కబురే అందడం లేదు.

కబురు ఎక్కడ ఆగింది? ఈ బండి బ్రేకు పట్టుకుంటే తప్ప స్టార్ట్ కాదు. గేరులో ఉన్న బండి ఉన్నట్టుండి ముందుకి దూకకుండా కంపెనీవాళ్ళు పెట్టిన కాపలా అది. స్పానర్ మళ్ళీ బ్రేకు పట్టి మెడ తిప్పి చూసింది. వెనక ఎర్రలైటు వెలగలేదు.

"వదిలెయ్యి చెల్లీ. నీ తప్పేం లేదులే, పాత బండి. ఆపరేషన్ రద్దని ఆఫీసుకి చెప్పేద్దాం. మీ బావ తెలివైనవాడు, ఏదో ఒకటి చేసుకుంటాడు."

'మీ బావ' అన్న మాటని ఆమె ఎంత తీయగా అందంటే, స్పానర్‌కి ఒళ్ళంతా కారం రాసినట్టయింది.

బ్రేకు పట్టి, బ్రేకు స్విచ్చి తీగలు కలిసే కనెక్టర్‌కి రెండువైపులా మీటరు పెట్టింది. ఇటువైపు పన్నెండు వోల్టులు. అటువైపు ఏమీ లేదు. కనెక్టర్ ఊడదీసింది. లోపల ఇత్తడి పిన్నులు ఉండాల్సినదానికన్నా ఎక్కువ మెరుస్తున్నాయి. చాకు మొనతో ఒకదాన్ని గీకింది. కరెంటుని ఆపేసే ఉల్లిపొరలాంటి పొర లేచింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఘాటైన వాసన.

గోళ్ళ పాలిష్.

ఆమెకి మొదట భయం వేయలేదు. సంతోషం వేసింది. ఆ సంతోషం చూసుకుని అప్పుడు భయం వేసింది.

ఎందుకంటే ఈ ముక్క ఎవరికి చెప్పినా నవ్వుతారు. స్పానర్ ఓర్వలేనితనం ఆఫీసులో కాపలావాడికి కూడా తెలుసు. ప్రపంచంలో పాలిష్ వేసుకునేది నెమలి ఒక్కతేనా? అసలు తన కుళ్ళే ఆ వాసన చూపిస్తోందేమో. మనిషిని కొలవాలంటే మీటరు ఎక్కడ పెట్టాలి?

కనెక్టర్‌ని మళ్ళీ బిగించి, తాళం ఆపేసింది.

"అక్కా, ఫ్యూజు మార్చి చూడాలి. వ్యాన్ అడుగున పెట్టెలో ఉన్నట్టుంది. వెతికి తెచ్చేసరికి అరగంట పడుతుంది."

"వెళ్ళు తల్లీ. నేనెక్కడికీ పోను."

స్పానర్ మలుపు దాకా చప్పుడు చేస్తూ నడిచింది. అక్కణ్ణించి బూట్లు విప్పి, పొదల చాటుగా పాకుతూ బండి వెనక్కి వచ్చింది. చేతిలో పన్నెండో నంబరు స్పానర్ ఉంది.

నెమలి బండి ముందు రాయి మీద కూర్చుంది. పౌడర్ డబ్బా అడుగు తిప్పింది. లోపల్నుంచి సన్నని వైరు వచ్చింది. కొండల మధ్య అంత చిన్న ట్రాన్స్‌మిటర్‌కి సొంత బలం చాలదు. వైరు కొసని హ్యాండిల్ పక్కన ఛార్జింగు సాకెట్‌లో గుచ్చి, తాళం తిప్పింది. డబ్బాలో పచ్చలైటు వెలిగింది.

"కలువ మాట్లాడుతోంది. ఏటీవీ కదలదు. మీ పెట్టె ఖాళీ. దొంగ మీ మధ్యలోనే ఉన్నాడు. మీకు రోజూ..."

స్పానర్ ఆలోచించలేదు. ఎత్తి ఉన్న సీటు కింద, రిలే మీది రెండు లావు బోల్టుల మధ్య చేతిలోని ఇనుముని అడ్డంగా వేసి నొక్కింది.

నిప్పురవ్వలు చిమ్మాయి. స్టార్టర్ మోటారు బ్యాటరీలోని కరెంటంతా ఒక్క గుక్కలో లాగేసుకుంది. పచ్చలైటు ఆరిపోయింది. నెమలి మాట సగంలో తెగింది. తాళం ఆమే తిప్పి ఉంచింది, చోక్ లాగే ఉంది. ఇంజిన్ అందుకుంది. బ్రేకు కాపలాని దాటి వచ్చిన కరెంటాయె, అడిగేవాడు లేడు. గేరులో ఉన్న బండి లేడిపిల్లలా ముందుకి దూకింది.

నెమలి వెల్లకిలా బురదగుంటలో పడింది. బండి పొదలో ఇరుక్కుని ఆగింది. స్పానర్ పరుగెత్తి స్టాప్ స్విచ్చి నొక్కింది. హ్యాండిల్‌కి వేలాడుతున్న బ్యాగులో లిప్‌స్టిక్ ఆకారంలో ఉన్న తుపాకీ దొరికింది. దాన్ని నెమలి వైపే తిప్పి పట్టుకుంది.

"నువ్వు చెప్తే ఎవడు నమ్ముతాడే!" నెమలి ఉమ్మింది. "నీ కుళ్ళు ఊరందరికీ తెలుసు!"

"నన్ను నమ్మక్కర్లేదు. నీ డబ్బాని నమ్మితే చాలు."

బండి లాగే తాడుతో ఆమెని చెట్టుకి కట్టేసింది. ముడి ఒకటి చాలు. నాలుగు వేసింది. పిన్నులు గీకి, కనెక్టర్ బిగించి, బ్రేకు పట్టింది. వెనక ఎర్రలైటు వెలిగింది. బటన్ నొక్కింది. టక్, గిర్రున, ధనధన.

మూడూ పది.

క్వారీ దగ్గరికి చేరేసరికి నాలుగుకి పది నిమిషాలు తక్కువ. అప్పటికే లోపల సైరన్ మోగుతోంది. సగం తెగిన కబురు సగం పని చేసింది. ముఠావాళ్ళు మనుషుల్ని వరసలో నిలబెట్టి లెక్కపెడుతున్నారు. రాతిగోడకి ఉన్న కంత పక్కన, పెట్టుడు మీసం, మసి గుడ్డ, చేతిలో గరిటెతో ఒకడు నక్కి ఉన్నాడు. పైన హెలికాప్టర్ చప్పుడు.

కోడ్ మాట 'ఉప్పు తక్కువైంది'. ఆ మాట స్పానర్ గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. బదులుగా కొండ దద్దరిల్లేలా వేరే మాట వచ్చింది.

"బావా! ఎక్కు!"

బావ కంతలోంచి దూకి వెనక సీట్లో పడ్డాడు. తుపాకులు పేలాయి. గరిటెకి చిల్లు పడింది. స్పానర్ బండిని నిలువు వాలులోకి వదిలేసింది. ఆ వాలులోకి జీపు దిగదు, చెట్ల కిందికి హెలికాప్టర్ రాదు.

మూడు మలుపులు దాటాక బావకి మాట వచ్చింది. నోట్లోంచి చిప్ తీసి జేబులో వేసుకున్నాడు.

"నెమలి రాలేదా?"

స్పానర్ పళ్ళు బిగించి ఆక్సిలరేటర్ నొక్కింది.

"వచ్చింది. చెట్టుకి కట్టేశాను. వాళ్ళ మనిషి."

బావ చేతిలోంచి చిల్లుపడ్డ గరిటె జారిపోయింది.

"నెమలా? ఆర్నెల్లుగా ఎవరికీ అనుమానమే రాలేదే!"

"నాకు మొదటిరోజే వచ్చింది."

"ఏం చూసి?"

"నువ్వు ఆవిణ్ణి చూడటం చూసి."

ఎదురుగా పెద్ద గతుకు కనిపించింది. పక్కనించి తప్పించడానికి చోటుంది. స్పానర్ తప్పించలేదు.