గింజ పెట్టని చోటు

కంచు పలక వలలో పడ్డ నాటినుంచి దానయ్యకి నిద్ర లేదు. అరచేయంత పలక అది. దానిమీద ఏ కాలంవాడో ఒక కొండ గీశాడు. కొండ కింద తాబేలు వీపులాంటి బండ, బండ వెనక గుహ నోరు, ఆ నోట్లో పెట్టె. ఒడ్డున నిలబడి చూసేవాడికి అవి పిచ్చిగీతలే. సముద్రంలోంచి చూసేవాళ్ళకి మాత్రం అది గద్దలకొండ అని ఇట్టే తెలిసిపోతుంది.

"నువ్వు రాకపోతే తెప్ప మీదైనా పోతాను బావా!" అని దానయ్య మొండికేశాడు. అన్నంత పనీ చేసే రకం. ఇక లాభం లేదని బావ ఎల్లాజీ ఒప్పుకున్నాడు.

ఎల్లాజీ పడవ నడిపే సరంగు. వాకిట్లో ఇసుక మీద తీరమంతా గీసి, చింతగింజలు తెచ్చి ఒక్కొక్కటే పెట్టాడు. గాలి తిరిగితే పడవ దూర్చుకునే వాగు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక గింజ. ఇంజను మొరాయిస్తే లంగరు వేసుకునే మెరక దగ్గర ఒకటి. నీళ్ళు వెనక్కి తీసే పాటు వేళ గుహలోకి వెళ్ళాలి, పోటు ఎక్కేలోగా బయటపడాలి. తాబేలు బండ వీపు తడిసిందంటే చేతిలో ఏమున్నా పారేసి పడవెక్కాల్సిందే.

అతని పెళ్ళాం కొండమ్మ గుమ్మంలోంచి అంతా చూసింది. దిగి వచ్చి గుహ గీసిన చోట వేలు పెట్టి, "ఇక్కడ గింజేదిరా?" అని తమ్ముడు దానయ్యని అడిగింది.

మొగుణ్ణి అడగలేదు. కిందటేడు తుపానులో ఆమె అన్న అప్పన్న ఎల్లాజీ పడవలోంచే పోయాడు. అతని చెయ్యి ఎల్లాజీ చేతిలోంచి జారిపోయింది. ఆ రోజునుంచి కొండమ్మ మొగుణ్ణి "మావా" అని పిలవడం మానేసింది. అన్నం పెడుతుంది, మాట మాత్రం గోడకి చెబుతుంది. సముద్రపు ఒడ్డున అడుగే పెట్టలేదు.

"మాయమ్మకి మిగిలినోడు ఈడొక్కడే," అంది గోడకేసి చూస్తూ. "తెత్తారో తేరో."

"తెత్తాను," అన్నాడు ఎల్లాజీ. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

తెల్లారి ముగ్గురూ పడవ దింపారు. మూడోవాడు మాసేను, ఇంజను పని వాడిది. సముద్రం చెరువులా పడుకుంది. అంత మంచితనం ఎల్లాజీకి నచ్చలేదు. గద్దలకొండ మీద ఒక్క గద్దా లేదు. తాబేలు బండ పొడిగా ఎండలో మెరుస్తోంది. వాళ్ళు ఇంజను ఎత్తేసి తెడ్లతో గుహలోకి దూరారు.

లోపల చలి. కుళ్ళిన నాచు వాసన. గోడలన్నీ నున్నటి రాయి, చేతికి చిన్న రాయిముక్క కూడా దొరకదు. దీపం వెలుగులో ఎత్తైన అరుగు కనిపించింది. దానిమీద పుచ్చిపోయిన పెట్టె ఉంది, పెట్టె పక్కన మనిషి ఎముకలు ఉన్నాయి.

"బావా, ఈడు బయటికెందుకు పోనేదు?" అన్నాడు దానయ్య.

ఎల్లాజీ దీపం ఎత్తి ఎముకలకేసి చూశాడు. ఈలోగా దానయ్య పెట్టెలోంచి బొగ్గులా ఉన్న దిమ్మ తీసి కత్తితో గీకాడు. తెల్లగా మెరిసింది. వెండి! పెట్టె నిండా వెండే!

"మాసేనూ! నువ్వూ రారా, సూద్దువు గాని!" అని కేకేసింది ఎవరనుకున్నారు? పడవలోనే ఉండి బండమీంచి కన్ను తియ్యొద్దని మాసేనుకి పదేపదే చెప్పిన ఎల్లాజీయే! ఆశ అంత పాడుది. ముగ్గురూ పెట్టె మీద పడ్డారు.

ఎల్లాజీ తల తిప్పేసరికి వెలుగు సగమైంది. బండ జాడే లేదు. గుహ నోరు పళ్ళు బిగించినట్టు మూసుకుపోతోంది.

"కొంప మునిగిందిరా! ఎక్కండి, బేగి!"

పడవ గుహ నోటిదాకా వెళ్ళి ఠపీమని ఆగింది. ఖాళీ పడవ తేలికగా ఎత్తుకు తేలింది, పడవ ముందు మొన, మునివాకు, పైరాతికి కొట్టుకుంది. పోటు ఇంకా ఎక్కుతూనే ఉంది; అది తీసేదాకా ఆగితే పడవ రాతికి కొట్టుకుని ముక్కలైపోతుంది. అరుగుమీది ఎముకలవాడు ఎందుకు పోలేదో ఎల్లాజీకి అప్పుడు అర్థమైంది.

"నీళ్ళు నింపి పడవ దించేద్దామా?" అన్నాడు మాసేను.

"నింపితే బయట మొదటి కెరటానికే బోర్లాపడతాం. బరువు గావాల. వెండి ఎయ్యండి! అంతా ముందుకే!"

దానయ్య మొహం వెలిగింది. పడవని మళ్ళీ అరుగు దగ్గరికి లాగారు. దిమ్మ మీద దిమ్మ పడుతుంటే పడవ బెత్తెడు బెత్తెడుగా దిగింది. ముగ్గురూ వెల్లకిలా పడుకుని, అరచేతులతో పైరాతిని తోస్తూ పాకించారు. రాయి ఎల్లాజీ ముక్కుని గీరింది. ఊపిరి బిగబట్టాడు. ఒక్కసారిగా మొహం మీద ఆకాశం పడింది.

సంబరపడే తీరికేదీ! ఎదురుగా కెరటాలు విరుచుకుపడుతున్నాయి. వెండి బరువుకి మునివాకు లేవడం లేదు. మొదటి కెరటానికే సగం పడవ నిండింది.

"పారెయ్యండి! అంతా పారెయ్యండి!"

మాసేను ఇంజను పట్టుకున్నాడు. ఎల్లాజీ దిమ్మలు విసిరేస్తున్నాడు. దానయ్య మాత్రం ఆఖరి దిమ్మని పసిబిడ్డలా పొట్టకి అదుముకున్నాడు. "ఇదొక్కటి బావా! ఒక్కటీ!"

రెండో కెరటం అతన్ని దిమ్మతో సహా తీసుకుపోయింది.

ఎల్లాజీ ఒంగి మునిగిపోతున్న చెయ్యి ఒడిసి పట్టాడు. వేళ్ళు జారుతున్నాయి. అచ్చం అప్పన్న చెయ్యే!

"వదల్రా దాన్ని! మీ అక్కకి నేనేటి సెప్పాలిరా! వదల్రా!"

నీళ్ళ కింద దానయ్య కళ్ళు కనిపించాయి. ఆ చేతిలో దిమ్మ, ఈ చేతిలో బావ. అతని రెండో చెయ్యి విచ్చుకుంది. బరువు పోగానే మనిషి పైకి తేలాడు. ఎల్లాజీ జుట్టు పట్టి పడవలోకి ఈడ్చాడు. తేలికపడ్డ పడవ మూడో కెరటం మీదికి లేచింది, కెరటం కిందినుంచి వెళ్ళిపోయింది.

ఊరి ఒడ్డు కనిపించేసరికి మధ్యాహ్నం దాటింది. మోకాలి లోతు నీళ్ళలో ఎవరో ఆడమనిషి నిలబడి ఉంది. చీర కుచ్చిళ్ళు తడిసిపోయాయి. ఎల్లాజీ కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు.

"అక్కా, వెండి..." అని దానయ్య మొదలెట్టాడు.

"నోర్ముయ్యి!" అని కొండమ్మ వాడి వీపున ఒక్కటి చరిచి, ఆ చేత్తోనే దగ్గరికి లాక్కుంది. అప్పుడు ఎల్లాజీవైపు తిరిగింది. గీరుకుపోయిన ముక్కు, చీరుకుపోయిన అరచేతులు చూసింది.

"రా మావా," అంది. "గంజి సల్లారిపోతంది."