బొబ్బట్టు ముందు గొడవపడకూడదు

"దాహం ఎక్కువగా ఉంటోందా?" డాక్టర్ క్రిస్టినా తలెత్తకుండా అడిగింది.

"ఎండలు కదండీ," అన్నాడు నిరంజన్.

"ఆకలి?"

"మూడు పెసరట్లు తిన్నా ఆగట్లేదండి."

"జుట్టు రాలుతోందా?"

నిరంజన్ చెయ్యి దానంతటదే నడినెత్తి మీదికి వెళ్ళింది. "కొంచెమండి. మా వంశంలోనే ఉంది."

"పొట్ట ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

అతను గబుక్కున ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాడు. "కొట్లో కూర్చునే పని కదండీ..."

అప్పుడు తలెత్తింది ఆమె. "నేనడుగుతున్నది కుక్క గురించండీ!"

నిరంజన్ రాజమండ్రిలో బట్టల కొట్టున్న గోపాలకృష్ణమూర్తిగారి ఒక్కగానొక్క కొడుకు. బల్ల మీద ఆయాసపడుతున్నది వాళ్ళ పదేళ్ళ ఆడకుక్క, బొబ్బట్టు. ఒంటి మీద వెంట్రుకలు పల్చబడి, పొట్ట మాత్రం కుండలా తయారైంది.

"ఇంత పొట్ట వచ్చేదాకా ఏం చేస్తున్నారండీ?"

"ఒళ్ళు చేసిందని సంతోషించామండీ! తప్పా?" నిరంజన్ గొంతు లేచింది.

"అరవకండి. అడ్రినల్ గ్రంథుల జబ్బేమోనని నా అనుమానం. కార్టిసాల్ అనే హార్మోన్ ఎక్కువైపోతుంది. ఇప్పుడు రక్తం తీసి చిన్న ఇంజక్షన్ చేస్తాను. మధ్యాహ్నం, సాయంత్రం మళ్ళీ తీస్తాను. ఒళ్ళు బాగుంటే హార్మోన్ తగ్గాలి. కానీ ఈలోగా ఇది కంగారుపడితే టెస్టు తప్పు చూపిస్తుంది."

"అయితే సాయంత్రం వస్తానండి," అని లేచాడు. బొబ్బట్టు లబోదిబోమంది. కూర్చున్నాడు. ఊరుకుంది.

క్రిస్టినా నిట్టూర్చింది. "మీరూ ఉండాల్సిందే. గొడవ మాత్రం పెట్టుకోకూడదు."

"మొదలుపెట్టింది మీరేనండీ," అన్నాడు నిరంజన్, జోలపాట పాడుతున్నట్టు.

"మీకు బుర్ర తక్కువండీ," అంది ఆమె అంతకన్నా తియ్యగా.

"మీకు పొగరెక్కువండీ."

బొబ్బట్టు హాయిగా కళ్ళు మూసుకుంది. పిల్లిని ఒళ్ళో పెట్టుకుని గుమ్మం దగ్గర కూర్చున్న సంపూర్ణమ్మగారు మురిసిపోయింది. "ఎంత అన్యోన్యంగా ఉన్నారో! పెళ్ళై ఎన్నాళ్ళైందమ్మా?"

ఇద్దరికీ పొలమారింది.

మధ్యాహ్నం రెండోసారి రక్తం తీశాక వాన దంచికొట్టింది. క్రిస్టినా క్యారేజీ విప్పి అతను చేపలు తిననంటే పులుసు పక్కకి జరిపి, పెరుగన్నం అతనికిచ్చింది. అతను ముద్ద నోట్లో పెట్టుకోలేదు.

"అమ్మ పోయాక నాన్నగారు కొట్లో బేరాలు తప్ప ఎవరితోనూ మాట్లాడరండి. రాత్రిళ్ళు దీంతోనే చెప్పుకుంటారు. దీనికేమైనా అయితే..."

ఈసారి ఆమె మంచినీళ్ళ గ్లాసు అతని దగ్గరగా జరిపింది.

సాయంత్రం చివరి రక్తం తీశాక స్కానింగ్ చేసింది. తెర మీద నిరంజన్‌కి గోదావరి మీద మబ్బు పట్టినట్టు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

"ఇవిగో, మూత్రపిండాల పక్కన వేరుశనక్కాయల్లా ఉన్నాయే, అవే అడ్రినల్ గ్రంథులు. ఒక్కటే పెరిగి ఉంటే అందులో గడ్డ ఉందేమోనని భయపడేదాన్ని. రెండూ ఒకేలా ఉబ్బాయి. తలలో ఉన్న చిన్న గ్రంథి వీటిని అదేపనిగా తరుముతున్నట్టుంది."

"అంటే తప్పు హెడ్డాఫీసుదన్నమాట!"

ఆమె ఫక్కున నవ్వింది. ఆ నవ్వు చూసి నిరంజన్ మబ్బుల సంగతి మర్చిపోయాడు.

రెండ్రోజులకి రక్తం రిపోర్టూ అదే మాట చెప్పింది. జీవితాంతం మాత్రలు వాడాలి, కానీ ప్రాణానికి ఇప్పట్లో భయం లేదంది క్రిస్టినా. నెల తిరిగేసరికి బొబ్బట్టు దాహం తగ్గింది. వీధిలో కోళ్ళని తరమడం మొదలెట్టింది. నిరంజన్ మాత్రం దాన్ని క్లినిక్‌కి తిప్పుతూనే ఉన్నాడు. తుమ్మిందని ఒకసారి, ఆవలించిందని ఇంకోసారి.

"ఈసారి ఏంటండీ?"

"నాలుగు రోజుల్నుంచి తుమ్మట్లేదండి."

క్రిస్టినా స్టెతస్కోపు తీసి బల్ల మీద పెట్టింది. "కుక్కకేం లేదు. మీకేంటి?"

నిరంజన్ చెవులు ఎర్రబడ్డాయి. "మీరంటే ఇష్టమండి."

ఆమె నోరు తెరిచేలోగా గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది. గోపాలకృష్ణమూర్తిగారు! కొడుకు వెనకే వచ్చినట్టున్నారు.

ఆయన కొడుకు వైపు చూడనేలేదు. కండువా సర్దుకుని, "డాక్టరుగారూ, మీ అమ్మానాన్నల్ని చూడటానికి రావాలనుందమ్మా. ఆదివారం కొట్టుకి సెలవే గానీ, మీకు చర్చి ఉంటుంది కదా. సోమవారం కొట్టు మూసేసి వస్తాం. మీకిష్టమైతేనే," అన్నారు.

కొడుక్కి జ్వరమొస్తే కూడా కొట్టు మూయని మనిషి!

క్రిస్టినా తలొంచుకుంది. మెల్లగా అంది:

"కొట్టు మూయక్కర్లేదండి. పదకొండుకల్లా చర్చి అయిపోతుంది. ఆదివారమే భోజనానికి వచ్చెయ్యండి. ఆ రోజు చేపలు వండొద్దని అమ్మకి చెప్తాను."