కలపని పత్తాలు

పీర్ మహమ్మద్ రాసిన ఉత్తరం ఏజెంట్ లతీఫ్ చేతికి అందేసరికి, రాసినవాడు చచ్చి వారమైంది.

శవం కృష్ణలో తేలింది, ఆత్మకూర్‌కు ఆరు మైళ్ళ దిగువన. మెడ మీద సన్నని తీగ గుర్తు. రెండు నెలల కింద దొరికిన భిక్షం మెడ మీదా అదే గుర్తు. ఇద్దరూ లతీఫ్ పెట్టిన మనుషులే. 'గులాం' అనే మారుపేరుతో తిరిగే విదేశీ గూఢచారినీ వాడి ముఠానూ కనిపెట్టడం, తెలిసింది కవర్లో పెట్టి ప్రతి శుక్రవారం చెప్పిన చోట దాచి రావడం వాళ్ళ డ్యూటీ.

"మన జాగాలు ముఠాకు ముందే తెలుస్తున్నాయి," అన్నాడు చీఫ్, రాత్రి హైదరాబాద్ నుంచి ఫోన్లో. "మనలోనే ఎవడో ద్రోహి ఉన్నాడు. వాణ్ణి పట్టు."

మరునాడు, 1987 ఆగస్టు, శుక్రవారం, ఉదయం తొమ్మిదిన్నర. మహబూబ్‌నగర్‌లో రేడియో రిపేరు దుకాణం వెనక గది, డిపార్ట్‌మెంట్ సేఫ్ హౌస్. లతీఫ్ ఉత్తరం విప్పాడు.

"లతీఫ్ భాయ్, ప్రతి శుక్రవారం గా ఆటీన్ రాణే వస్తాంది. గీ డబ్బా పత్తాలు కలుపుతలేదు. జర చూడు."

లతీఫ్ మళ్ళీ చదివాడు. భిక్షం కూడా అచ్చం ఇదే అన్నాడు. అప్పుడు తను నవ్వి, "కల్లు దుకాణంల ఆడే పత్తాలనుకున్నవా భిక్షం? ఇది కంప్యూటర్" అని నోరు మూయించాడు.

డబ్బా అంటే టీవీకి తగిలించే చిన్న హోమ్ కంప్యూటర్, రబ్బరు మీటలది. అందులో రమ్మీ ఆట. ప్రోగ్రాం రాసింది లతీఫే. క్యాసెట్ లోడ్ చేసి ఆనాటి తేదీ కొడితే, మిషన్ ఆ తేదీని బట్టి ముక్కలు కలిపి, పదమూడు పంచి, ఒకటి తెరిచి పెడుతుంది. ఆ తెరిచిన ముక్కే కోడ్. ఇస్పేటైతే బస్టాండ్, కళావరైతే మార్కెట్ యార్డ్, డైమనైతే పోస్టాఫీసు, ఆటీనైతే కృష్ణ రేవు. కవరు అక్కడ దాచాలి. "మనిషి అమ్ముడుపోతాడు సార్, మిషన్ పోదు" అని చీఫ్ ముందు ఎన్ని గొప్పలు చెప్పుకున్నాడో! కాకిపిల్ల కాకికి ముద్దు.

ఇవాళ ఆ మిషన్ ముందు కూర్చోబోయేది సకీనా, పీర్ మహమ్మద్ చెల్లెలు. ఆత్మకూర్‌లో బట్టల దుకాణం నడిపే ముప్ఫై ఏళ్ళ మనిషి. అన్నను మట్టిచేసిన సాయంత్రమే, "ఆయన సగంల ఇడిసిన పని నేను చేస్త భాయ్" అంది. లతీఫ్ వద్దనలేకపోయాడు. పదకొండింటికి ఆమె తన దుకాణంలో అన్న వాడిన మిషన్ స్విచ్ వేస్తుంది, మిషన్ చెప్పిన చోటికి నడిచిపోతుంది.

లతీఫ్ తన మిషన్ ఆన్ చేశాడు. తేదీ కొట్టాడు. ఆటీన్ రాణి. ఇంకో తేదీ కొట్టాడు. ఇస్పేటు ఏడు. మరోటి. కళావరు తొమ్మిది.

బాగానే కలుపుతోంది కదా అనుకున్నాడు. అంతలో కరెంట్ పోయింది.

పది నిమిషాలకు వచ్చింది. మళ్ళీ క్యాసెట్ లోడ్ చేసి, ఈసారి పోయిన నెల తేదీ కొట్టాడు. ఆటీన్ రాణి. ప్లగ్గు పీకి, పెట్టి, సంక్రాంతి నాటి తేదీ కొట్టాడు. ఆటీన్ రాణి.

ప్రోగ్రాం లిస్టింగ్ స్క్రీన్ మీదికి తెచ్చాడు. లైన్ నంబర్ నలభై, తేదీని బట్టి ముక్కలు కలపమని చెప్పే లైను. దాని ముందు రెమ్ అని మూడు ఇంగ్లీషక్షరాలు. అవి ఉంటే మిషన్ ఆ లైను చదవదు, దాటిపోతుంది; తేదీని వదిలేసి, స్విచ్ వేసినప్పుడల్లా తనలో ఉన్న ఒకే వరసను మొదటి నుంచి పంచుతుంది. ఆట పరీక్షించేటప్పుడు ప్రతిసారీ ఒకే ముక్కలు రావాలని తనే పెట్టాడు, తియ్యడం మరిచాడు. హైదరాబాద్ ఆఫీసులో బ్యాటరీల మీద మిషన్ రాత్రింబగళ్ళు ఆగకుండా నడిచేది గనక, ఆట ఆటకూ ముక్కలు మారేవి. తప్పు బయటపడలేదు. ఇక్కడ వారానికోసారి స్విచ్ వేస్తారు. వేసిన ప్రతిసారీ మొదటి ఆటే, రాణే, రేవే.

ద్రోహి దొరికాడు. లైన్ నలభై రాసినవాడు.

టైం పది నలభై. సకీనా దుకాణంలో ఫోన్ లేదు. ఆత్మకూర్ పోలీస్ స్టేషన్‌కు లైట్నింగ్ కాల్, అన్నిటికన్నా అర్జెంటు ట్రంక్ కాల్, బుక్ చేశాడు. లైన్ డెడ్. పోస్టాఫీసు ఎంగేజ్. ఊరి బయటి సబ్‌స్టేషన్ కలిసింది. ఎత్తింది ఆపరేటర్ లింగయ్య.

"లింగన్నా, సర్కారు పని. పదకొండు లోపట ఊరికి కరెంట్ బంద్ జెయ్యాలె."

"ఆర్డర్ లేకుంట ఎట్ల తీస్త సారూ?"

"రోజూ పోతనే ఉంటది గదా."

"అది పోవుడు సారూ. తీసుడు వేరే."

"ఒక ఆడామె పానం పోతది లింగన్నా. సకీనా బట్టల దుకాణంకన్న పోయి చెప్పిరా."

"ఒక్కణ్ణే ఉన్న, జాగ ఇడిసి..." లైన్ తెగింది.

లతీఫ్ మళ్ళీ కాల్ బుక్ చెయ్యబోయాడు.

"ఫోన్ పెట్టెయ్యండి, లతీఫ్ గారూ."

గుమ్మంలో ప్రమీల. హైదరాబాద్ ఆఫీసులో క్యాసెట్లు కాపీ చేసే ఆపరేటర్. షిఫాన్ చీర, నల్లకళ్ళద్దాలు, గదంతా సెంటు వాసన. చేతిలో అరచేతంత పిస్తోలు. స్క్రీన్ చూసి చిన్నగా నవ్వింది.

"చీఫ్ ద్రోహిని వెతకమన్నాడుగా, రెమ్ తీసేసిన క్యాసెట్టు పెట్టిపోదామని వచ్చాను. ముందే చూసేశారు."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మొదటి కాపీ చేసిన రోజే. మీకు చెబితే థాంక్స్ అంటారు. గులాం అయితే ఫ్లాట్ కొనిచ్చాడు." కుర్చీ లాక్కుని కూర్చుంది. "తప్పు మీదే. నేను అమ్మానంతే. పని అయిపోగానే రేవు నుంచి మనిషి ఊళ్ళోకొచ్చి ఇక్కడికే ఫోన్ చేస్తాడు. అందాకా కదలకండి."

పదకొండైంది. పదకొండుంపావు. సకీనా కవరు కొంగున దోపుకుని రేవు మెట్లు దిగుతూ ఉంటుంది. లతీఫ్‌కు ఏడుపు తన్నుకొచ్చింది. అల్లా, నన్ను కొట్టు, ఆమెను కాదు అనుకున్నాడు. కుడిచేతి పక్కన టీవీ స్టెబిలైజర్ ఉంది, అయిదు కిలోల ఇనప డబ్బా. దాని మీద చెయ్యి ఆనించి కూర్చున్నాడు.

పదకొండున్నరకు ఫోన్ మోగింది. ప్రమీల ఎడమచేత్తో ఎత్తింది.

ట్రంక్ కాల్ దొరికితే మనవాళ్ళు అవతలి ఊరికి వినబడేలా అరుస్తారు. సకీనా కూడా అరిచింది.

"లతీఫ్ భాయ్! పత్తాలు పంచినయి గని, ముక్క తెరిచే యాళ్లకు కరెంట్ పోయింది! దుకాణం మూసి పోస్టాఫీసుకు వచ్చిన. ఏం జెయ్యమంటవ్?"

ప్రమీల చూపు రిసీవర్ మీదికి తిరిగింది. లతీఫ్‌కు అంతే చాలు. స్టెబిలైజర్ ఆమె మణికట్టు మీద పడింది. పిస్తోలు పేలి టీవీ పగిలింది. రెండో క్షణంలో పిస్తోలు అతని చేతిలో ఉంది.

"ఆడనే కూసో చెల్లె," అన్నాడు రిసీవర్లో. "ఎటూ పోకు."

మధ్యాహ్నానికల్లా స్పెషల్ పోలీసులు రేవు దగ్గర వలలు బాగుచేస్తూ కూర్చున్న ముగ్గుర్ని పట్టుకున్నారు. ఒకడి జేబులో తీగ. ఇంకొకడికి తెలుగు రాదు, అతనే గులాం.

"రిపోర్టులో ఏం రాయను? మిషన్ ఫెయిల్యూర్ అందామా?" అడిగాడు చీఫ్.

"ఇద్దరు చెప్పినా నేను వినలేదని రాయండి సార్."

చీఫ్ కలం తీశాడు. అలాగే రాశాడు.

లింగయ్యకు ఆర్డర్ లేకుండా కరెంట్ తీసినందుకు మెమో వచ్చింది. లతీఫ్ వెళ్ళి చీఫ్ చేత దాన్ని రద్దు చేయించాడు.

మరుసటి వారం లతీఫ్‌కు ఆత్మకూర్ నుంచి పార్సెల్ వచ్చింది. పీర్ మహమ్మద్ వాడిన పాత పేక, అంచులు నలిగి, జిడ్డు పట్టి. కింద సకీనా చీటీ.

"మా అన్న పత్తాలు భాయ్. చేత్తోని కలుపుకో. వీటికి కరెంట్ అక్కర్లేదు."